ఒక షెడ్డు, రెండు కార్లు, ముప్ఫై తొమ్మిది మార్కులు

మా అక్కగారింట్లో కారు షెడ్డు ఒక్కటే. లోపలి కొలత పొడవు పదహారు అడుగులు, వెడల్పు ఎనిమిది. కార్లు మాత్రం రెండు. చిక్కంతా అక్కడే మొదలైంది.

నేను పదో తరగతిలో లెక్కలు తప్పినవాడిని. ఆ తరవాత లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను. రొయ్యల చెరువు ఎన్ని సెంట్లో, మట్టి గుట్ట ఎన్ని ట్రాక్టర్లో, కోసిన దుంగ ఎన్ని ఘనపుటడుగులో కొలిచి చెప్పడం ముప్ఫై ఏళ్ళుగా నా పని. కొత్తపేట చుట్టుపక్కల గట్టు తగువు వస్తే నా టేపు కోసం కబురు పంపుతారు. రెండు పక్షాలకీ సమానంగా కోపం తెప్పిస్తాడని నాకు పేరు. ఆ పేరు వల్లే మా అక్క నన్ను పిలిపించింది.

ఆ రెండు కార్ల సంగతి చెప్పాలి. మొదటిది మా బావగారిది. తాటిపాకలో చమురు పని మీద వచ్చిన ఒక ఇంజినీరు బదిలీ అయి వెళ్ళిపోతూ అమ్మితే కొన్నారు. రెండే తలుపులు, వెనక్కి వాలిన కప్పు, ముదురు ఎరుపు. ఇలాంటి కారుని కూపే అంటారని మా మేనల్లుడు చెప్పేవరకూ మాకు తెలియదు. వెనకాల పేరులో అక్షరాలు సగం రాలిపోయాయి, అందుచేత ఏ కంపెనీదో ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. హారన్ నొక్కితే ఒక వైపర్ తిరుగుతుంది. వేగం చూపించే ముల్లు లేదు కానీ, తిరిగిన దూరం అంకెలు మాత్రం సరిగ్గా మారతాయి. పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే ఉంటుంది. బావగారు దాన్ని నమ్మరు. చీపురు లోంచి ఒక పొడవాటి కొబ్బరి ఈనె తీసి, లీటరుకొక గాటు పెట్టి, టాంకులో ముంచి తడి ఎంతవరకూ వచ్చిందో చూసుకుంటారు. ఆ ఈనెని నేను పరీక్షించాను. గాట్లు సరిగ్గానే ఉన్నాయి.

రెండోది మా మేనల్లుడు కొన్న ఏడు సీట్ల పెద్దబండి. వాడు అమలాపురంలో చెరువులకి నీళ్ళు చిలికే మోటార్లు అమ్ముతాడు. బండి పొడవు పదిహేను అడుగులు, వెడల్పు ఆరు, ఎత్తు నా తల మీద చెయ్యి నిలబెట్టినంత. దానికి తాళం చెవి జేబులో ఉంటే చాలు. ఎదర అద్దం కింద ఒక టీవీ. వెనక్కి వెళ్తుంటే వెనక ఉన్నది అందులో కనిపిస్తుంది, ఆవుతో సహా. బెల్టు పెట్టుకోకపోతే కూస్తుంది. తలుపు సరిగ్గా వెయ్యకపోతే కూస్తుంది. ఊరికే ఉన్నా ఒక్కోసారి కూస్తుంది.

షెడ్డులో కూపే ఉంది కాబట్టి పెద్దబండిని పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య పెట్టేవాడు. ఒకరోజు ఉదయం ఒక ఎండుకాయ బానెట్‌కి జానెడు దూరంలో పడింది. వాడు ఆ కాయని చేత్తో పట్టుకుని ఇంట్లోకి వచ్చాడట, పోలీసుల ముందు పెట్టే సాక్ష్యంలాగ.

"ఇంకో షెడ్డు వేసుకోవచ్చు కదరా," అంటే చోటు లేదు. ఒక పక్క బోరు, ఒక పక్క పశువుల పాక, మూడో పక్క ఆ చెట్లు. చెట్లు కొట్టేద్దామంటే మా అక్క ఒప్పుకోదు. "ఒక్కో చెట్టు ఏడాదికి నూట ఇరవై కాయలిస్తోంది. నీ బండి ఏమిస్తోందిరా?" అంది.

దాంతో మేనల్లుడు రావులపాలెం నుంచి పాతకార్లు కొనే ఆయనతో మాట్లాడాడు. ఆయన ఆదివారం వస్తానన్నాడు. వచ్చి కూపేని చూసుకుని, అదే రోజు లారీ మీద ఎక్కించుకుని పోతాడు. విడిభాగాల కింద విప్పేస్తాడో, అలాగే నడుపుతాడో మనకి అనవసరమన్నాడు. బావగారు ఆ మాట విని షెడ్డులోకి వెళ్ళి ఈనె ముంచి చూసుకుని వచ్చారు. ఆ రోజే మా అక్క నాకు ఫోను చేసింది.

"ఆయన మూడు రోజులుగా అన్నం సగం వదిలేస్తున్నారు," అంది. "నువ్వొచ్చి రెండు కార్లూ కొలిచి ఏది ఉండాలో తేల్చు. నువ్వు తేలిస్తే ఇద్దరూ వింటామన్నారు."

"కూపే ఓడిపోతే?"

"పోతే పోయింది. ఊరికే పోయిందని కాకుండా లెక్క ప్రకారం పోయిందని ఉంటుంది కదా."

ఈ మాట నాకు బాగా నచ్చింది. గురువారం ఉదయానికి టేపు, చేతిగడియారం, రెండు వందల పేజీల నోటు పుస్తకం పట్టుకుని దిగాను.

ఎనిమిది అంశాలు పెట్టుకున్నాను, ఒక్కోదానికి పది మార్కులు. సీట్లు, ఎక్కడం దిగడం, సందులో తిరగడం, పెట్రోలు, సామాను, కనపడటం, కుదుపు, నడిపేవాళ్ళు. బావగారు ఒక వైపు, మేనల్లుడు ఒక వైపు నిలబడి నేను టేపు లాగుతుంటే చూశారు. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అంత మర్యాదగా నిలబడరు.

సామాను కొలవడానికి లీటర్లు పనికిరావని నా అభిప్రాయం. మా వైపు సామానంటే కొబ్బరికాయలే. పెద్దబండిలో సీట్లన్నీ ఉంచి వెనకాల కాయలు పేరిస్తే పద్దెనిమిది పట్టాయి. ఆఖరి వరసలో రెండు సీట్లు మడిచి పేరిస్తే రెండు వందల పది. అంటే ఒక మనిషి ఎక్కితే తొంభై ఆరు కాయల చోటు పోతోందన్నమాట. ఈ సంగతి చెబితే మా అక్క నా వైపు అదోలా చూసింది.

ఎండుకాయల లెక్క కూడా కట్టాను. మిట్టమధ్యాహ్నం ఆ రెండు చెట్ల నీడని కొలిస్తే మూడు వందల అరవై చదరపుటడుగులు. బండి ఆక్రమించేది తొంభై. కాబట్టి రాలే ప్రతి నాలుగు కాయల్లో ఒకటి బండి మీద పడాలి. చెట్టెక్కించి కాయలు దింపు తీయించడం నలభై అయిదు రోజులకి ఒకసారి, ఈలోపల వాటంతట అవి రాలేవి నాలుగు. కనుక నలభై అయిదు రోజులకి ఒక కాయ.

"ఆ ఒక్కటీ ఏ రోజు పడుతుందో చెప్పు మావయ్యా, ఆ రోజు తీసేస్తాను," అన్నాడు మేనల్లుడు.

"అది లెక్కలో రాదు."

"మరి లెక్క ఎందుకంట?"

నోటు పుస్తకంలో ఆ ప్రశ్నని కూడా రాసుకున్నాను.

ఎక్కడం దిగడం పరీక్షలో కూపేకి పెద్ద దెబ్బ తగిలింది. రెండే తలుపులు కాబట్టి ముందు సీటు వంచి, వెనక కూర్చునేవాళ్ళు మొదట ఎక్కాలి. మా అక్కకి మోకాళ్ళ నొప్పులు, ముందే కూర్చోవాలి. అంటే నేనూ మేనల్లుడూ ముందు ఎక్కాలి. నాకన్నా ముందు వాడెక్కడు, మావయ్య నిలబడి ఉండగా. అక్క నిలబడి ఉండగా నేనెలా ఎక్కుతాను? ఆవిడ ఎక్కి కూర్చుంటేనేమో మాకు దారి లేదు. ఆవిడ ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. నలుగురం సర్దుకునేసరికి ఆరు నిమిషాల నలభై సెకన్లు. కూపేకి రెండు మార్కులు వేశాను. పెద్దబండికి తొమ్మిది.

నడిపేవాళ్ళు అన్న అంశం దగ్గర బావగారి ముఖం చూడలేకపోయాను. మనిషికి అయిదు మార్కులని పెట్టుకున్నాను. పెద్దబండికి మేనల్లుడు ఉన్నాడు, అయిదు. కూపేకి బావగారు. కానీ ఆయనకి కంటి శుక్లాలు తీసి నలభై రోజులే అయింది, ఇంకో నెల వరకూ నడపవద్దన్నారు డాక్టరుగారు. అయిదులోంచి రెండు తగ్గించి మూడు వేశాను.

"అదే నేననేది," అన్నాడు మేనల్లుడు. గొంతు పెంచి కాదు, పాపం, తగ్గించే అన్నాడు. "నాన్నగారు తప్ప దాన్ని నడిపేవాళ్ళు లేరు. ఆ గేరు నాకు పడదు. ఆయన నడపలేకపోతే అది షెడ్డులో ఉండి ఏం చేస్తుంది మావయ్యా?"

బావగారు ఈనె తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఇక్కడ నన్ను ఒక అంకె ఇబ్బంది పెట్టింది. ఏ కారెక్కినా తిరిగిన దూరం రాసుకోవడం నా అలవాటు. ఆపరేషన్ ముందు రోజు కూపేలో అరవై ఒక వెయ్యి రెండు వందల నాలుగు ఉంది. గురువారం చూస్తే అరవై ఒక వెయ్యి మూడు వందల నలభై ఏడు. నలభై రోజులుగా షెడ్డు దాటని కారు నూట నలభై మూడు కిలోమీటర్లు తిరిగింది. బావగారిని పక్కకి పిలిచి అడిగాను.

"బాటరీ దిగిపోకుండా స్టార్టు చేస్తుంటామోయ్ బావమరిదీ," అన్నారు.

"స్టార్టు చేస్తే అంకె తిరగదు కదండి."

"పాత కారు కదా. కాస్త ఉబలాటం ఎక్కువ," అని వెళ్ళిపోయారు.

ఆపరేషన్ కన్ను పెట్టుకుని దొంగతనంగా నడుపుతున్నారనుకున్నాను. అక్కకి చెబితే ఇంకో గొడవ. పుస్తకంలో ఆ అంకె చుట్టూ ఒక సున్నా చుట్టి ఊరుకున్నాను.

గురువారం సాయంత్రానికి ఏడు అంశాల మొత్తం తేలింది. పెద్దబండికి యాభై ఒకటి. కూపేకి ముప్ఫై అయిదు. మిగిలింది కుదుపు ఒక్కటే. అందులో పదికి పది వచ్చినా కూపే గెలవదు. ఆ కాగితాన్ని నేను ఎవరికీ చూపించలేదు, కుదుపు పరీక్ష అయ్యాక చెబుతానన్నాను. కానీ బావగారు నా ముఖం చూసే తెలుసుకున్నట్టున్నారు. ఆ పూట అన్నం ముట్టనే లేదు.

కుదుపుని దేనితో కొలవాలా అని ఆలోచిస్తుంటే శుక్రవారం పొద్దున్న ముమ్మిడివరం నుంచి వియ్యంకుడుగారు, వియ్యపురాలుగారు వచ్చారు, అంటే మా మేనల్లుడి అత్తమామలు. వాళ్ళింట్లో ఏదో శుభకార్యం, పూతరేకులు కావాలి, ఆత్రేయపురం వెళ్ళాలన్నారు. నాకు దారి దొరికింది. పూతరేకు కన్నా సున్నితమైన కొలమానం ఈ భూమ్మీద లేదు. ఏ కారులో ఎన్ని విరిగితే అంత కుదుపు.

మేము ఏడుగురం. బావగారు, అక్క, మేనల్లుడు, వాడి భార్య, వియ్యంకుడుగారు, వియ్యపురాలుగారు, నేను. బండికి ఏడు సీట్లు. ఏడులోంచి ఏడు పోతే సున్నా, ఒక్కరూ మిగలరు. కుదుపు పరీక్షకి కూపే కూడా రావాలి, దానికి డ్రైవరు లేడు. అందుకని అందరం బండిలో ఒకసారి వెళ్ళి వద్దాం, కూపే సంగతి రేపు చూద్దాం అని నేనే చెప్పాను. నా ముప్ఫై ఏళ్ళ పనిలో ఇంతకన్నా పెద్ద తప్పు లెక్క చెయ్యలేదు.

బండి వాకిట్లోకి వచ్చింది. బావగారు ఎదర తలుపు తీశారు.

"రండి బావగారూ, ముందు కూర్చోండి."

"అబ్బే, మీరుండగా నేనేంటండి ముందు. మీరు కూర్చోండి," అన్నారు వియ్యంకుడుగారు.

"పెద్దవారు మీరు."

"పెద్దేంటండి, మీకన్నా మూణ్ణెల్లు చిన్నోణ్ణి."

"మా ఇంటికి వచ్చేరు కదండి."

"బండి మీది కదండి."

"నాది కాదండి. మీ అల్లుడిది."

"అల్లుడిదైతే మరీ కూర్చోకూడదండి. రేపు ఊళ్ళో అల్లుడి బండెక్కి ముందు కూర్చున్నాడంటారు."

నాలుగు నిమిషాల పది సెకన్లకి ఇద్దరూ మధ్య వరసలో చెరొక కిటికీ దగ్గరా కూర్చున్నారు. మధ్య సీటు ఖాళీ. ఇద్దరు వియ్యంకుల మధ్య ఇరుక్కుని కూర్చునే ఆడమనిషి మా ఇళ్ళల్లో లేదు, మగవాణ్ణి నేను కూర్చోబోతే ఇద్దరూ "మీకు ఇరుకవుద్దండి" అని జరిగి, ఆ జరగడంలో చోటు ఇంకా తగ్గించారు. నేను ఆఖరి వరసలోకి దూరాను.

ఆఖరి వరసలో ఇంకో సీటు ఉంది. వియ్యపురాలుగారిని అక్కడ కూర్చోబెడితే సంబంధం చెడుతుంది. అక్కకి మోకాళ్ళు. కోడలు పిల్ల కూర్చుంటే తల్లీ, అత్తగారూ వాకిట్లో మిగులుతారు. ఇక ఎదర సీటు. వియ్యపురాలుగారు అల్లుడి పక్కన కూర్చోరు. ఆవిడని నిలబెట్టి మా అక్క కూర్చోదు. మామగారిని వెనక పెట్టుకుని కోడలు ముందు కూర్చోదు.

ఆ ఎదర సీట్లో చివరికి కొబ్బరికాయల గోనె కూర్చుంది. పూతరేకులు చేసే ఆవిడకి ఇవ్వమని అక్క వలవని కాయలు పన్నెండు సర్దింది. బండి కదలగానే కూయడం మొదలుపెట్టింది. మేనల్లుడి బెల్టు చూశాం. మా బెల్టులు చూశాం. టీవీలో ఎదర సీటు బొమ్మ ఎర్రగా వెలుగుతోంది.

"కాయలకి పెట్టమంటోందండి," అన్నాడు మేనల్లుడు, మామగారి వైపు చూడకుండా.

"పెట్టెయ్యండి మరి. చట్టం కదండి," అన్నారు వియ్యంకుడుగారు.

గోనెకి బెల్టు పెట్టాక బండి శాంతించింది. మా అందరిలోకీ ఆ గోనె ఒక్కటే హాయిగా కూర్చుంది.

వాకిట్లో ముగ్గురు ఆడవాళ్ళు మిగిలారు. ఏడు సీట్ల బండిలో మనుషులు నలుగురం, కాయలు పన్నెండు.

"మిమ్మల్ని రెండో ట్రిప్పులో తీసుకెళ్తాను," అన్నాడు మేనల్లుడు కిటికీలోంచి.

"అక్కర్లేదండి. మేము ఆ కారులో వచ్చేస్తాం," అంది వాడి భార్య.

"ఎవరు నడుపుతారు?"

ఆ పిల్ల చెంగు దోపుకుని షెడ్డులోకి వెళ్ళింది. ఈనె తీసింది, ముంచింది, ఎండకి పెట్టి చూసింది, తుడిచి పెట్టేసింది. అది చూడగానే నా నూట నలభై మూడు కిలోమీటర్లు ఎక్కడికి పోయాయో తెలిసిపోయింది. ఈనె పట్టుకునే తీరు ఒక్కరోజులో రాదు.

"మా చెరువుల దగ్గర మేత బండి తోలేదండి పెళ్ళికి ముందు," అన్నారు వియ్యంకుడుగారు నెమ్మదిగా. "లైసెన్సు కూడా ఉందండి. మీరు అడగలేదని చెప్పలేదు."

బావగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆయ్. బాటరీ దిగిపోకుండా," అన్నారు.

మేనల్లుడు వెనక్కి తిరిగి తండ్రిని చూశాడు, మామగారిని చూశాడు, ఎవరినీ ఏమీ అనే వీలు లేక నన్ను చూశాడు.

అక్కడ షెడ్డు దగ్గర వియ్యపురాలుగారు, "వదినగారూ, మీకు మోకాళ్ళు కదా, ముందు కూర్చోండి. నేను వెనకాల కాళ్ళు చాపుకుంటాను," అని సీటు వంచి దూరిపోయారు. అంతే. యాభై సెకన్లు. నా గడియారం తప్పేమోనని రెండోసారి చూసుకున్నాను.

కాలవ గట్టు రోడ్డు మీద కూపే మా ముందు వెళ్ళింది. కోడలు మలుపుల దగ్గర హారన్ కొట్టినప్పుడల్లా ఎండలో వైపర్ తిరగడం నాకు వెనక నుంచి కనిపించింది. అంతకుమించి ఏమీ కనిపించలేదు, ఎందుకంటే నా మోకాళ్ళు నా కళ్ళకి అడ్డం.

ఆత్రేయపురంలో మేనల్లుడు బండిని పెద్దవాళ్ళకి నీడ కోసమని కాలవ పిట్టగోడకి ఆనించి ఆపాడు. బావగారి వైపు తలుపు నాలుగు అంగుళాలు తెరుచుకుంది. ఆయన దిగాలంటే వియ్యంకుడుగారు అవతలి తలుపు నుంచి ముందు దిగాలి.

"మీరు దిగండి బావగారూ," అన్నారు బావగారు.

"మీరు దిగకుండా నేను దిగడం బాగుండదండి."

"మీరు దిగితేనే కదండి నేను దిగేది."

"ఆయ్, అది నిజమేననుకోండి. అయినా మీరు ముందు."

నేను దిగాలంటే వియ్యంకుడుగారు దిగి ఆ సీటు వంచాలి. లెక్క ప్రకారం మేము ముగ్గురం ఇప్పటికీ అందులోనే ఉండాలి. బండిని ముందుకి జరుపుదామని మేనల్లుడు రెండుసార్లు అన్నాడు. "పర్లేదండి అల్లుడుగారూ, ఇక్కడే చల్లగా ఉంది," అన్నారు వియ్యంకుడుగారు. ఇరవై రెండు నిమిషాల తరవాత మా అక్క వచ్చి కిటికీలోంచి తొంగి చూసింది.

"ఇంకా దిగలేదా?"

ముగ్గురం కాలవ వైపు చూశాం.

"మా పని అయిపోయింది. కాయలు ఇలా ఇవ్వండి," అని బెల్టు విప్పి గోనె మేనల్లుడి చేత మోయించుకుని వెళ్ళింది. నాలుగు పెట్టెలు కొన్నారు, పెట్టెకి ఇరవై పూతరేకులు. రెండు పెట్టెలు మా ఎదర సీట్లో పెట్టి, రెండు వాళ్ళు తీసుకున్నారు. మేము నేల మీద కాలు పెట్టకుండానే ఆత్రేయపురం చూసి బయలుదేరాం.

తిరుగుదారిలో గట్టు మీద కొబ్బరి పీచు వేసుకుని ట్రాక్టరు ఎదురొచ్చింది. పీచు రెండు వైపులా బయటికి పెరిగి రోడ్డంత వెడల్పయింది. ముందు వెళ్తున్న కూపే దాని పక్కనుంచి దూరిపోయింది, కాస్త పీచు అంటించుకుని. మేము ఆగిపోయాం. టీవీలో చూసుకుంటూ వెనక్కి వెళ్ళాం. కరెంటు స్తంభాలు లెక్కపెట్టాను, నాలుగు దాటాం, అంటే రమారమి రెండు వందల మీటర్లు. వియ్యంకుడుగారు టీవీని నమ్మక తల బయట పెట్టి "రానీండి, రానీండి" అంటూనే ఉన్నారు. ఒక దూడ అడ్డం వస్తే మేనల్లుడు బ్రేకు వేశాడు. వెనక్కి వెళ్తున్న బండి ఆగితే ఎదర సీట్లోవి ముందుకి పడవని నేననుకున్నాను. పడ్డాయి, ఎందుకంటే దూడ పోయాక వాడు కంగారులో ముందుకి పోనిచ్చి ఇంకోసారి బ్రేకు వేశాడు.

ఇంటికి చేరేసరికి కూపే షెడ్డులో ఉంది. ఆడవాళ్ళు కాళ్ళు కడుక్కుని కాఫీలు తాగేశారు.

పెట్టెలు విప్పించాను. పెద్దబండి పెట్టెల్లో నలభైకి పదకొండు విరిగాయి. కూపే పెట్టెల్లో విరిగినవి లేవు, కానీ ఉన్నవి ముప్ఫై నాలుగే.

"మిగతా ఆరు?"

"తిన్నాం," అంది అక్క.

"విరిగినవి తిన్నారా, బాగున్నవి తిన్నారా?"

"తినేటప్పుడు విరుగుతుంది కదండి అన్నయ్యగారూ," అన్నారు వియ్యపురాలుగారు.

అది కాదనలేం. తిన్నవాటిని దేని కింద రాయాలో తెలియక కుదుపు అంశాన్ని మొత్తం కొట్టేశాను. వసారాలో అందరూ కూర్చున్నారు. ఏడు అంశాలు మళ్ళీ మొదటినుంచి దిద్దాను. సీట్లలో పెద్దబండికి పదికి పది వేశాను, ఏడుగురు పడతారని. పట్టింది నలుగురు. నాలుగు తగ్గించాను. ఎక్కడం దిగడంలో తొమ్మిదిని నాలుగు చేశాను, కూపే రెండుని ఆరు చేశాను. సందులో తిరగడంలో పెద్దబండికి మూడు తగ్గించాను, స్తంభాల లెక్కన. కూడాను. మళ్ళీ కూడాను.

"ముప్ఫై తొమ్మిది," అన్నాను.

"ఏది?"

"రెండూ."

మా అక్క లేచి నిలబడింది. "రెండు రోజులు మా పెరడంతా కొలిచి, నా చీపురుక్కూడా టేపు పెట్టి, చివరికి సమానమని చెప్తున్నావా? ఇది నేను కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని."

బావగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నారు. సమానమంటే పాతది పోతుందని ఆయనకి తెలుసు. ఆదివారానికి లారీ మాట్లాడేసి ఉంది.

"నా మార్కులు వెయ్యలేదండి మావయ్యగారూ," అంది కోడలు కాఫీ గ్లాసులు తీస్తూ.

నిజమే. నడిపేవాళ్ళ దగ్గర కూపేకి మూడే ఉన్నాయి. మనిషికి అయిదు. మూడూ అయిదూ ఎనిమిది. కూపే నలభై నాలుగయింది.

మేనల్లుడు పుస్తకం తీసుకుని వేలు పెట్టి కూడుకుంటూ చూశాడు. తప్పు దొరకలేదు. "అలాగైతే నా బండిని కూడా నడపగలదు కదా మావయ్యా. దీనికీ అయిదు వెయ్యి," అన్నాడు.

"నడిపితే వేస్తాను."

"ఇవ్వండి మరి," అంది ఆ పిల్ల, చెయ్యి చాపి.

వాడు జేబులోంచి తాళం తీశాడు. దాన్ని చూశాడు. పెరట్లో మెరుస్తున్న బండిని చూశాడు. వీధి గేటు స్తంభాల్ని చూశాడు. వాటి మధ్య దూరం ఏడడుగుల రెండంగుళాలని వాడికి గురువారం నేనే చెప్పాను. వియ్యంకుడుగారు పైకప్పు వాసాలు లెక్కపెట్టారు. బావగారు ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది.

వాడు తాళం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"షెడ్డు వాళ్ళదే," అన్నాడు. ఆ పూట బావగారు అన్నం రెండుసార్లు కలుపుకున్నారు.

ఆదివారం పాతకార్లాయన రానే వచ్చాడు. కూపే చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఎవరు వాడుతున్నారండి దీన్ని?" అని అడిగాడు.

"మా కోడలండి. ఆవిడ బండి. అమ్ముతుందేమో ఆవిడనే అడగండి," అన్నారు బావగారు. ఆ పిల్ల అప్పటికే దాన్ని బయటికి తీసి తల్లిదండ్రుల్ని బస్సెక్కించడానికి కొత్తపేట వెళ్ళబోతోంది. వియ్యంకుడుగారు వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఎవరు ముందన్న పేచీ రాదని ఆయన కనిపెట్టారు. పాతకార్లాయనకి కాఫీ ఇచ్చి, నాలుగు బొండాలు కొట్టించి పంపాం.

పెద్దబండి సంగతి వియ్యంకుడుగారే చూశారు. తరవాతి వారం చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే వల ఒకటి తెచ్చి, రెండు కొబ్బరిచెట్లకీ పాక దూలానికీ కలిపి బండి మీద బిగించి కట్టించారు. వలకీ బండి కప్పుకీ మధ్య రెండడుగుల ఖాళీ చాలన్నాను నేను. వల సాగుతుందన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు.

ఇరవై రెండో రోజున నేను అక్కడే ఉన్నాను. వసారాలో బావగారూ నేనూ టిఫిను తింటున్నాం. పెరట్లో చప్పుడైంది. ఎండుకాయ ఒకటి వలలో పడి, వల సాగి, కాయ కప్పు మీద మెల్లగా, ముట్టీ ముట్టనట్టు ఆనింది. మరుక్షణం బండి ఊరంతా వినపడేలా కూయడం మొదలుపెట్టింది. లోపలినుంచి మేనల్లుడు తడి చేతుల్తో పరిగెత్తాడు.

బావగారు ఇడ్లీ తుంచుకుంటూ అటు చూశారు.

"కాయ ఎక్కినట్టుంది," అన్నారు. "బెల్టు పెట్టమంటోంది కాబోలు, చెప్పు వాడికి."